వెయ్యి టెర్మినళ్లు, ఒకటే ఖాతా

సంపాదకులకు,

బ్యాంకు మెయిన్‌ఫ్రేములు (భారీ కంప్యూటర్లు) ఎంత భారం తట్టుకుంటాయో పరీక్షించడానికి, వాటి మీద ఐబీఎం వర్క్‌లోడ్ సిమ్యులేటర్‌తో '3270' రకం ఉత్తుత్తి టెర్మినళ్లను (వాడుకరి తెరలను) వెయ్యి నడిపించి 'పాస్' రాసేస్తుంటారు. స్క్రిప్టు తెరిచి చూస్తే అందరికీ ఒకటే ఖాతా నంబరు! బ్యాలెన్సు చూసే లావాదేవీలో ఆ ఖాతా ఉన్న డీబీ2 డేటాబేసు పేజీ ఎప్పుడూ బఫర్ పూల్‌లోనే (మెమరీలోనే) ఉంటుంది, జవాబు చిటికెలో వచ్చేస్తుంది. జమ చేసే లావాదేవీలోనేమో వెయ్యి మందీ ఒకే రో లాక్ (ఆ ఖాతా వరుసను ఒకసారికి ఒక్కరే మార్చేలా వేసే తాళం) కోసం క్యూ కడతారు. రెండు అంకెలూ పనికిరావు. టెర్మినల్‌కో ఖాతా ఇవ్వాల్సిందే.

జవాబు వచ్చాక మళ్లీ ఎంటర్ నొక్కేలోపు ఆలోచించే వ్యవధి సున్నా పెట్టడం ఇంకో తప్పు. సెకనులో జవాబొచ్చే చోట అలాంటి వంద టెర్మినళ్లు, పది సెకన్లు ఆగి ఎంటర్ నొక్కే 1,100 మంది పని చేసేస్తాయి. లాగాన్లు విడతలుగా వదలండి. సగటును నమ్మకుండా 95వ పర్సెంటైల్ (నూటికి 95 జవాబులు ఎంతలోపు వచ్చాయో) చూడండి. ఆలస్యం ఎక్కడో లావాదేవీలను నడిపే సాఫ్ట్‌వేర్ సీఐసీఎస్ రాసే 'ఎస్ఎంఎఫ్ 110' అనే కొలతల రికార్డుల్లో దొరుకుతుంది.

— ఒక పెర్ఫార్మెన్స్ ఇంజినీరు, హైదరాబాద్