రాజీపడమని ఎవరికి చెబుతున్నారు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. వినియోగదారులు చిన్న చిన్న తగాదాలకు కోర్టుల చుట్టూ తిరగొద్దని, సామరస్యంగా పరిష్కరించుకోవాలని ఒక అవగాహన సదస్సులో పెద్దలు సెలవిచ్చినట్టు పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చింది. పక్కనే ఫొటో. వేదిక మీద వరసగా కుర్చీలు, బొకేలు, శాలువాలు. ఆ రోజే రాద్దామనుకున్నాను గానీ, కోపం కాస్త తగ్గాక రాస్తే మర్యాదగా ఉంటుందని ఆగాను. తగ్గేలా లేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

అసలు ఈ విశాఖపట్నంలో కోర్టుకి పరిగెత్తే వినియోగదారుడు ఎవరండీ? కొన్న మిక్సీ నెల తిరక్కుండా కాలిపోతే షాపువాడితో రెండు మాటలు అనుకుని, ఇంటికొచ్చి నాలుగు తిట్టుకుని, ఇంకో మిక్సీ కొనుక్కునే రకం మనం. లాయరు ఫీజు, వాయిదాలు, ఆఫీసుకి సెలవు పెట్టడం తల్చుకుంటేనే నీరసం వస్తుంది. ఇలాంటివాళ్లని కూర్చోబెట్టి కోర్టుకి వెళ్లకండి అని బోధించడం, పస్తులున్నవాడికి ఏకాదశి ఉపవాస మహిమ చెప్పినట్టుంది.

మా ఇంటి సంగతే చెబుతాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఈ ఊళ్లో ఇన్వర్టర్ విలువ ఎవరికీ చెప్పక్కర్లేదు. మేమూ అప్పుడే పెట్టించుకున్నాం. ఈమధ్య దాని పాత బ్యాటరీ పోతే నగరంలో పేరున్న షోరూములోనే కొత్తది కొన్నాం. "మాస్టారూ, మూడేళ్లు ఫుల్ రీప్లేస్‌మెంట్ వారంటీ, కళ్లు మూసుకుని వాడుకోండి" అన్నాడు సేల్స్ కుర్రాడు. రెండో వేసవికే కరెంటు పోయిన పది నిమిషాల్లో ఫ్యాను ఆగిపోవడం మొదలైంది. షోరూముకి వెళితే "మేం అమ్మేవాళ్లం మాత్రమే, కంపెనీతో మాట్లాడుకోండి" అన్నారు. కంపెనీకి ఫోన్ చేస్తే చాలా రోజులకి ఒకబ్బాయి వచ్చాడు. మూతలు విప్పి, ఆరు గడుల్లోనూ యాసిడ్ బలం (గ్రావిటీ) చూసే హైడ్రోమీటర్ పెట్టి చూసి, "రెండు సెల్స్‌లో గ్రావిటీ లేదు సార్, ఇది బ్యాటరీ లోపమే" అని తన నోటితోనే చెప్పాడు. అదే ముక్క కాగితం మీద రాసిమ్మంటే, "ఆఫీసు వాళ్లు రాస్తారు సార్" అని చేతులు తుడుచుకున్నాడు. ఆఫీసు వాళ్లు రాశారు. ఏమనీ? డిస్టిల్డ్ వాటర్ సరిగా పోయలేదు గనక వారంటీ వర్తించదని. ఆ గడుల్లో నీళ్లు గీత దాకా ఉన్నాయని చూసినవాడు వాళ్ల మనిషే!

తర్వాత బిల్లు అడిగారు. బీరువాలోంచి తీసి చూస్తే తెల్ల కాగితం. షాపు పేరు తాలూకు నీడ తప్ప అంకె కనబడదు, తేదీ కనబడదు. ఇప్పుడు ఎక్కడ చూసినా ఇస్తున్నది ఆ థర్మల్ కాగితమే. వేడి తగిలినా చెరిగిపోతుంది, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెడితే ఇంకా తొందరగా చెరిగిపోతుంది. వారంటీ మూడేళ్లు, బిల్లు ఆయుష్షు ఒక వేసవి. షోరూముకి వెళ్లి, మీ కంప్యూటర్లో కాపీ ఉంటుంది కదా, ఇంకోటి తీసివ్వండి అంటే, సాఫ్ట్‌వేర్ మారిందన్నారు. పండగ ఆఫర్ల మెసేజీలు పంపడానికి మాత్రం నా ఫోన్ నంబరు ఆ మారిన సాఫ్ట్‌వేర్‌లో పదిలంగానే ఉంది.

సరే, పెద్దలు చెప్పిన సామరస్యం సంగతి కూడా చూద్దామని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. న్యాయంగా చెప్పాలి, అక్కడ మాట్లాడినమ్మాయి చక్కని తెలుగులో, ఓపిగ్గా విని ఫిర్యాదు నమోదు చేసింది. పైసా ఖర్చు లేదు. ఇన్నాళ్లూ పలకని కంపెనీ ఆ తర్వాత తనే ఫోన్ చేసింది. ఇక్కడి వరకు బాగానే ఉంది. తిరకాసు ఏమిటంటే, హెల్ప్‌లైన్ కంపెనీకి ఫిర్యాదు పంపగలదు, జవాబు అడగగలదు, ఇదిగో ఇలా చెయ్యి అని ఆజ్ఞ వెయ్యలేదు. ఆ సంగతి కంపెనీలకి బాగా తెలుసు. "సగం ధరకి కొత్త బ్యాటరీ ఇస్తాం సార్, ముందు మీ ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పండి, కంప్లయింట్ క్లోజ్ చేసేస్తాం" అన్నాడు అవతలి మనిషి. ముందు క్లోజ్ చేయడం, తర్వాత బ్యాటరీ! నేను చెప్పనన్నాను. బ్యాటరీ ఇంటికొచ్చాకే చెప్పాను. సగం డబ్బు మాత్రం కట్టాను. ఇంట్లో మా అమ్మగారికి రాత్రుళ్లు నెబ్యులైజర్ పెట్టాలి, కరెంటు పోయినప్పుడల్లా టెన్షన్ పడుతూ ఎన్నాళ్లు పోట్లాడతాం? పూర్తిగా ఉచితంగా రావలసిన వస్తువుకి సగం ధర కట్టడాన్ని రికార్డుల్లో 'సామరస్యంగా పరిష్కారం' అని రాసుకుని ఉంటారు.

అందుకే అడుగుతున్నాను, రాజీపడమని ఎవరికి చెబుతున్నారు? ఎప్పుడూ రాజీపడుతున్నదే మేము. ఆ సదస్సు వేదిక ముందు వ్యాపారులని, డీలర్లని, సర్వీస్ సెంటర్ల మేనేజర్లని కూర్చోబెట్టి ఉంటే ఆ మాటకి అర్థం ఉండేది. ఫొటోలో నాకు కనబడింది కాలేజీ పిల్లలు, మధ్యాహ్న భోజనం కోసం చూస్తున్న ఆఫీసు సిబ్బంది.

పైగా పెద్దలు గొప్పగా చెప్పిన మధ్యవర్తిత్వం సంగతి చూడండి. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం పోయి 2019 చట్టం వచ్చింది, 2020 జులై నుంచి అమలవుతోంది. అందులో మధ్యవర్తిత్వానికి ఒక అధ్యాయమే పెట్టారు. మంచి పని. కాకపోతే ఆ చట్టం ప్రకారం మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలంటే ముందు వినియోగదారుల కమిషన్‌లో, అంటే మనం వినియోగదారుల కోర్టు అనేదాంట్లో, కేసు వెయ్యాలి. కేసు స్వీకరించాక, రాజీకి వీలుందని కమిషన్‌కి తోస్తే, 5 రోజుల్లో ఇరుపక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అవతలివాడు ఊ అనకపోతే ఆ దారి అక్కడికి మూసుకున్నట్టే. కేసు వెయ్యకుండా పరిష్కరించుకోమని ఉపన్యాసం, పరిష్కార కేంద్రం గుమ్మం తొక్కాలంటే కేసు వెయ్యాలని చట్టం! మనిషి ప్రాణం పోయిన, తీవ్రంగా గాయపడిన వైద్య నిర్లక్ష్యం కేసుల్ని, మోసం, ఫోర్జరీ ఆరోపణలున్నవాటిని మధ్యవర్తిత్వానికి పంపకూడదని నియమం పెట్టడం మాత్రం సబబే. అలాంటివాటిలో రాజీ ఏమిటి? రాజీ కుదిరితే కట్టిన ఫీజు పూర్తిగా వెనక్కి ఇస్తారన్నదీ మంచి మాటే. ఈ వివరాల్లో ఒక్కటైనా ఆ వార్తలో ఉందా? వక్తల పేర్లు, హోదాలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా వేశారు.

జనానికి తెలియాల్సిన ఇంకో సంగతి ఉంది. ప్రజోపయోగ సేవల కోసం శాశ్వత లోక్ అదాలత్ అని ఒకటి మన విశాఖలోనే ఉంది. కరెంటు, నీళ్లు, రవాణా, తపాలా, టెలిఫోన్, ఆసుపత్రి, బీమా లాంటివాటి మీద కోటి రూపాయల దాకా తగాదాలు అక్కడ పెట్టుకోవచ్చు. ఫీజు లేదు. మామూలు లోక్ అదాలత్‌లో అవతలివాడు ఒప్పుకోకపోతే కాగితాలు చంకన పెట్టుకుని ఇంటికి రావాల్సిందే. ఇక్కడ అలా కాదు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే వాళ్లే తీర్పు చెబుతారు, అది ఇద్దరినీ కట్టిపడేస్తుంది. ముందే వేరే కోర్టుకి వెళ్లి ఉండకూడదు, అంతే. రాజీకి ఇలా పళ్లున్నప్పుడే అవతలివాడు కుర్చీలో కూర్చుంటాడు. ఆసుపత్రి బిల్లో, బీమా క్లెయిమో పట్టుకుని గాజువాక నుంచి మధురవాడ దాకా తిరిగేవాళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు? నా బ్యాటరీకి అది పనికిరాదు, ఆ జాబితాలో లేదు కాబట్టి. బ్యాంకు తగాదా అయితే ఫిర్యాదులు విని తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ముందు బ్యాంకుకి రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోతేనో, వచ్చింది నచ్చకపోతేనో అక్కడికి ఫిర్యాదు పంపొచ్చు. అదీ ఉచితమే.

ఇక అధికారుల పని తీరు. చాలా షాపుల్లో 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బోర్డు వేలాడుతూనే ఉంటుంది, కొన్నిచోట్ల బిల్లు మీదే అచ్చు వేస్తున్నారు. లోపం ఉన్న సరుకుని బిల్లులో చెప్పిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టమే చెబుతోంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. ఆ బోర్డుల కింద నుంచే అధికారులూ కొనుక్కుని వెళుతుంటారు కదా, ఒక్కరికీ కనబడదా? హోటళ్లు సర్వీస్ ఛార్జీ బలవంతంగా బిల్లులో కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ మార్గదర్శకాలిచ్చింది. బీచ్ రోడ్డు వైపు భోంచేసినప్పుడు బిల్లు అడుగున ఓసారి చూసుకోండి. సోమవారం సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, కాదనను. కానీ ఎవరి మీద ఫిర్యాదు చేశామో ఆ ఆఫీసుకే మన అర్జీ వెళుతుంది, 'పరిష్కరించబడినది' అని మెసేజ్ వస్తుంది. ఏది పరిష్కారమైందో మనకి తెలియదు, వాళ్లకీ తెలిసినట్టు లేదు. డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం, మార్చి 15న ప్రపంచ దినోత్సవం. రెండు రోజులూ ర్యాలీలు, బ్యానర్లు. మర్నాటికి ఆ బ్యానరు ఏ షెడ్డు మీదో కప్పేస్తారు.

కోర్టు దాకా వెళ్లక తప్పనివాళ్లకి ఒక మాట. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే చెప్పుకోవచ్చు, ఎక్కడ కొన్నా మనం ఉన్న ఊళ్లోనే వెయ్యొచ్చు. తగాదా మొదలైన నాటి నుంచి రెండేళ్ల గడువు దాటకూడదు. నోటీసు అందాక మామూలు కేసయితే 3 నెలల్లో తేల్చాలని చట్టం అంటోంది. ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అవతలివాడు రాజీకి రాకపోవడానికి అసలు కారణం ఇదే. కేసు తొందరగా తేలుతుందన్న భయం ఉంటే, వాడే సర్వీస్ సెంటర్ కుర్రాడితో కొత్త బ్యాటరీ పంపించేవాడు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ప్రతి బిల్లు మీదా 1915 నంబరు తెలుగులో అచ్చు వేయించండి. వారంటీ ఉన్న వస్తువులకి చెరిగిపోని కాగితం మీద బిల్లు ఇప్పించండి. సోమవారం కలెక్టరేట్‌లో ఒక బల్ల వేసి, షాపువాణ్ణీ కొన్నవాణ్ణీ ఎదురెదురుగా కూర్చోబెట్టే ఏర్పాటు చేయండి, రాని వ్యాపారి పేరు నోటీసు బోర్డు మీద పెట్టండి. దీనికి శాలువాలు అక్కర్లేదు.

మీ పత్రిక మొదటి పేజీ నిండా అవే షోరూముల డిస్కౌంట్ ప్రకటనలు వస్తాయి గనక, ఈ లేఖకి జాగా తక్కువపడొచ్చు. ఎంతైనా కత్తిరించుకోండి. హెల్ప్‌లైన్ 1915, వాట్సాప్ 8800001915, బ్యాంకు ఫిర్యాదులకి 14448, ఈ మూడు నంబర్లు మాత్రం తప్పుల్లేకుండా వేయండి.

ఇట్లు,
మీ పాత చందాదారుడు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం