గేర్‌బాక్స్ దించే ముందు: మా గ్యారేజీలో మారిన పద్ధతి

పాత ఆటోమేటిక్ కార్లను మమ్మల్ని నమ్మి అప్పగించే కస్టమర్లందరికీ నమస్కారం. గత నెల మా చేతుల్లో జరిగిన ఒక పొరపాటును మీకు తెలియజేయడం నా బాధ్యత.

2005 నాటి హోండా అకార్డ్ ఒకటి, పార్కింగ్ నుంచి రివర్స్‌కు మార్చగానే గట్టిగా కుదుపు ఇస్తోందని వచ్చింది. ఇంజన్ నడుస్తుండగానే గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూసి, ఆయిల్ తగ్గిందని మేము పోశాము. డిప్‌స్టిక్ ఉన్న టయోటా, హ్యుందాయ్ పాత కార్లలో చాలావాటికి అదే పద్ధతి. ఈ హోండాకు మాత్రం బండి వేడెక్కాక ఇంజన్ ఆపి, 60 సెకన్ల తరువాత, 90 సెకన్లు దాటకముందే చూడాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు పంపు కొంత ఆయిల్‌ను టార్క్ కన్వర్టర్‌లోకి (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం), గేర్‌బాక్స్‌లోని ఆయిల్ దారుల్లోకి తోస్తుంది కనుక కింద మట్టం తక్కువగా కనబడుతుంది. అలా ఎక్కువైన ఆయిల్‌ను గేర్లు చిలికి నురగ చేస్తాయి. నురగలోని గాలి వల్ల, గేర్లు మార్చే క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టే ఆయిల్ ప్రెషర్ నిలవదు.

పది రోజులకు అదే కారు, రెండు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఇంజన్ ఊరికే రేస్ అవుతోందని తిరిగి వచ్చింది. క్లచ్ ప్లేట్లు పోయాయనుకుని గేర్‌బాక్స్ దించమని నేనే చెప్పాను. ప్లేట్లు బాగానే ఉన్నాయి; రేస్ కావడానికి కారణం మేము ఎక్కువ పోసిన ఆయిలే. మొదట వచ్చిన కుదుపుకు అసలు కారణం చిరిగిన ఇంజన్ మౌంటింగ్ (ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే బిగింపు) రబ్బరు. కస్టమర్‌కు లేబర్ డబ్బు తిరిగి ఇచ్చి, మౌంటింగ్, కొత్త ఆయిల్ మా ఖర్చుతోనే వేశాము.

ఇకపై ఆ కారు కంపెనీ చెప్పిన పద్ధతిలో ఆయిల్ మట్టం, రంగు, మాడు వాసన చూసి, మౌంటింగులు, బ్యాటరీ వోల్టేజి పరీక్షించి, లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టిన తరువాతే ముందుకు వెళతాము. పీ0700 అనే కోడ్ ఒక్కటే కనబడితే గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో లోపం నమోదు చేసిందని మాత్రమే అర్థం; ఏ లోపమో తెలియాలంటే దాని వెంట ఉన్న కోడ్ చదవాలి. సోలనాయిడ్ల (ఆయిల్ దారులను కరెంటుతో తెరిచి మూసే వాల్వుల) రెసిస్టెన్స్, ఆయిల్ ప్రెషర్ కొలవకుండా గేర్‌బాక్స్ దించము. బండిని చల్లగా ఉన్నప్పుడూ, వేడెక్కాకా నడిపి చూడాలి కనుక ఒక రోజు అదనంగా పడుతుంది.

తెచ్చే ముందు దయచేసి బ్యాటరీ తీగ ఊడదీయకండి. చాలా కార్లలో కోడ్‌లు చెరిగిపోతాయి. కుదుపు ఏ గేరులో, ఎంత దూరం నడిచాక వస్తోందో రాసి తెస్తే మాకు ఎంతో మేలు.