తాగుడు మానినవాడికి వేళకు తిండి, నిద్ర కావాలి

సంపాదకుల వారికి,

తాగుడు ఎలా మాన్పించాలో పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. మానినాక ఆ మనిషిని ఇంట్లో ఎలా చూసుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. మా తమ్ముడు తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఉగాది తర్వాత ఆసుపత్రిలో చేరి మానేశాడు. అప్పటినుంచి నా దగ్గరే ఉంటున్నాడు.

అన్నిటికంటే గడ్డు వేళ సాయంత్రం, పని దిగే పొద్దు. మధ్యాహ్నం తిన్న సంగటి ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది, రాతిదుమ్ములో నిలబడి ఒళ్లు హూనమై ఉంటుంది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, వీటిని దగ్గరికి రానీయొద్దని, అప్పుడే మనసు తాగుడు మీదికి పోతుందని డాక్టరు చెప్పినారు. అందుకే వాడు గడప తొక్కగానే ఉగ్గాని పెడతాను. తిని, నీళ్లు పోసుకున్నాకే మాటలు. అప్పుల సంగతి ఆ పూట ఎత్తం. డాక్టరు రాసిన బి1 విటమిన్ మాత్రలు మరవకుండా వేసుకుంటాడు. నిద్ర మాత్రం ఇంకా సరిగ్గా కుదరలేదు. కొందరికి నెలలు కూడా పడుతుందట. అందుకే రాత్రి షిఫ్టు వద్దని వాడే మేస్త్రీని అడిగాడు. వాడు తన ఒంటిని గురించి నోరు తెరిచి అడగడం నేను చూడటం అదే మొదలు. నాకు ఎంత సంతోషమైందో!

దీన్ని చూసి బంధువులు "తాగి ఇల్లు గుల్ల చేసినోడికి రాచమర్యాదలా" అంటున్నారు. ఆ మాట చెవిన పడితే ఆ పూట వాడు అన్నం ముట్టడు. షుగరు ఉన్నాయన వేళకు తింటే ఎవరైనా దెప్పుతారా?

ఇంకో మాట. "ఆసుపత్రి ఎందుకు, గదిలో వేసి తాళం పెట్టండి" అని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. దయచేసి అలా చేయకండి. ఎవరిని అడగాలో తెలియకపోతే మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

ఫ్యాక్టరీ యజమానులకు నా మనవి రెండే. అనంతపురంలో ఓపీకి పోయిన రోజు కూలీ కోయకండి. వారం కూలీ సాయంత్రం చేతికివ్వకుండా, బ్యాంకులో వేయండి, లేదా పొద్దున ఇవ్వండి.

– ఒక అక్క,
తాడిపత్రి, అనంతపురం జిల్లా