ఫారాలు పంచే ముందు

దేవరకొండ

బిడ్డా,

సోమవారం పిల్లలతో స్కాలర్‌షిప్ ఫారాలు నింపించాలన్నావు. ఫోన్‌లో చెప్తే నాయిన మళ్లీ పాఠం మొదలుపెట్టాడని నవ్వుతావు, అందుకే రాస్తున్నా.

మీ తాత పటేలు ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేవాడు. నాకు కొలువొచ్చినంక అదే అరుగు మీద కుర్చీ వేసి ‘రా సారూ’ అన్నారు. ఆ కుర్చీలో కూర్చుంటే బాగనే అనిపించింది, అబద్ధమెందుకు?

అట్లాంటి నేను ఏటా రిజిస్టర్ తెరిచి ‘ఎస్సీలు లేవండి, ఎస్టీలు లేవండి’ అని లెక్క పెట్టేవాణ్ని. పని తొందరగా అయిపోతుందని, అంతే. ఏడో తరగతిలో ఒకడుండేవాడు. బోర్డు మీద లెక్క వేయడం పూర్తికాకముందే చెయ్యెత్తేవాడు. ఆ రోజు లేచి, చొక్కా కింది గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. పక్కనున్న పిల్లగాడు బెంచీ మీద కొంచెం జరిగాడు, జానెడంతే. తర్వాత వీడు చెయ్యెత్తడం తగ్గిపోయింది. బద్ధకం పెరిగిందనుకున్నా.

రిటైరయ్యాక ఒక పరిశోధన గురించి చదివా. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు 2006లో ప్రచురించారు. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో పై కులాల మగపిల్లలు 321 మందికి, కింది కులాల మగపిల్లలు 321 మందికి కాగితం మీద చిక్కుదారులిచ్చి దారి కనుక్కోమన్నారు. కులం మాట ఎత్తనప్పుడు ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. పేరుతోపాటు కులాన్నీ అందరి ముందు చదివితే కింది కులాల పిల్లలు వెనకబడ్డారు. పేరు చదివినంత సేపట్లో తెలివి ఎక్కడికి పోతుంది చెప్పు? ఎంత చేసినా మనల్ని సరిగ్గా చూడరులే అన్న అనుమానం పిల్లల చేతులు కట్టేసి ఉంటుందని వాళ్లన్నారు. నాకు ఆ గుండీ గుర్తొచ్చింది.

నువ్వు ఒక్కొక్కరినే స్టాఫ్‌రూమ్‌కు పిలిచి ఫారం ఇవ్వు. కులం గడి రిజిస్టర్ చూసి నువ్వే నింపు. రెండు రోజులు పడుతుంది, హెడ్మాస్టరు తొందరపెడితే పెట్టనీ.

ఆ పిల్లగాడు ఇప్పుడు కొండమల్లేపల్లిలో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. మొన్న టీ కొట్టు దగ్గర కనిపించాడు. నన్ను చూడగానే గ్లాసు కింద పెట్టి లేచాడు. పక్కన కూర్చోమన్నా, రెండుసార్లు అన్నా. కూర్చోలేదు.

మీ నాయిన