శ్రుతి కలవని డీజే

సంపాదకులకు నమస్కారం.

డీజే మోత మీద మీకు ఉత్తరాలు వస్తున్నాయి. పర్లాకిమిడి పెళ్లిళ్లలో డీజే వాయించేవాణ్ణి, నా మాటా వినండి. మోత ఒక్కటే కాదు, శ్రుతి కలపకపోవడమూ తప్పే. ప్రోగ్రెసివ్ హౌస్ అనే ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతంలో ఒక ట్రాక్ పోతూ ఇంకోటి రావడానికి ఒక్కోసారి నిమిషం పైనే పడుతుంది. అంతసేపూ రెండు శ్రుతులూ ఒకేసారి మోగుతాయి.

మొన్న మా జిల్లా కాశీనగరంలో ‘ఈ మైనర్’ (E minor) శ్రుతి పాట మీద ‘ఎఫ్ మైనర్’ (F minor) పాట ఎక్కించాను. అరస్వరం తేడా! సన్నాయి తాతగారు వాయిద్యం ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసిన చూపు మరిచిపోలేను. ఇప్పుడు కామెలాట్ చక్రం చూసే కలుపుతున్నాను. ఏ శ్రుతికి ఏది కలుస్తుందో అంకెలతో చూపే పటం అది, ఏ అంటే మైనర్, బీ అంటే మేజర్: 8ఏ తర్వాత 7ఏ, 9ఏ, లేదంటే 8బీ. 8ఏ, 8బీల స్వరాలు ఒకటే, శంకరాభరణం రాగంలో ధైవతాన్ని షడ్జం చేస్తే నటభైరవి రాగం వచ్చినట్టు. వేగం 6 శాతం పెంచితే శ్రుతి దాదాపు అరస్వరం పైకి పోతుంది, వేగం మారినా శ్రుతి మారకుండా పట్టి ఉంచే ‘కీ లాక్’ వేసుకోవాలి.

మా కుర్రాళ్లకు ఇది చెప్పేవాళ్లు లేరు. మీ యువత పేజీలో ఒక్క వారం చోటివ్వండి.

— ఒక డీజే, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా