మోల్డర్స్ పేరు ఎందుకు తీసేశారో కూడా చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో జర్మన్ ఫైటర్ పైలట్ వెర్నర్ మోల్డర్స్ గురించి వచ్చిన రెండు పేజీల వ్యాసాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. నేను ఇరవై ఏళ్లు వాయుసేన టెక్నికల్ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. విమానాల గురించి మన భాషలో ఏ కాస్త రాత కనిపించినా వదలను. ఆ ఇష్టంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. వ్యాసంలో అంకెలు, తేదీలు సరిగ్గానే ఉన్నాయి. కానీ కథ 1941 నవంబరు 22న బ్రెస్లావ్ (నేటి పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్) దగ్గర ఆయన ప్రయాణిస్తున్న విమానం కూలడంతో ఆగిపోయింది. ఆ పేరు చుట్టూ జర్మనీలో ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా నడిచిన కథ ఒకటి ఉంది. ఆయన సొంత దేశమే 2005లో ఆ పేరును తన వాయుసేన దళం నుంచి తొలగించింది. అంత పెద్ద సంగతికి రెండు పేజీల్లో ఒక్క వాక్యమైనా దొరకకపోవడం నాకు బాధ కలిగించింది.

మోల్డర్స్ ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. మా హ్యాంగర్‌లో పైలట్లు మాట్లాడుకునేటప్పుడు అరచేయి బోర్లించి, నాలుగు వేళ్లు కాస్త ఎడంగా చాచి చూపించేవారు. ఒక్కో వేలి కొన ఒక్కో విమానం. ఆ వ్యూహానికి రూపం దిద్దినవాళ్లలో మోల్డర్స్ ముఖ్యుడు. అంతకు ముందు మూడేసి విమానాలు రెక్కా రెక్కా ఆనించినట్టు ఎగిరేవి. పక్కవాడికి తగలకుండా చూసుకోవడంతోనే పైలట్‌కు సరిపోయేది. శత్రువు కోసం ఆకాశాన్ని వెతికే తీరిక ఉండేది కాదు. ఇద్దరు జంటగా, రెండు జంటలు కలిసి నలుగురుగా, మధ్యలో వందల అడుగుల ఎడం పాటిస్తూ ఎగరడంతో ప్రతి ఒక్కరికీ నాలుగు దిక్కులూ చూసే వీలు దొరికింది. ఈ పద్ధతి చేతిలో దెబ్బలు తిన్న బ్రిటిష్ వాయుసేనే తర్వాత దాన్ని నేర్చుకుంది. ఇంత మీ వ్యాసంలో బాగా రాశారు. కింద పనిచేసే కుర్రవాళ్లు ఆయనను ‘నాన్న’ అని పిలుచుకునేవారన్నదీ నిజమే.

అయితే ఆ పాఠం ఎక్కడ నేర్చుకున్నారు? స్పెయిన్‌లో. మీ వ్యాసం స్పెయిన్‌ను ‘తొలి అనుభవం’ అని రెండు వాక్యాల్లో దాటేసింది. నా అభ్యంతరం మొదలయ్యేది అక్కడే.

1936 జూలైలో జనరల్ ఫ్రాంకో, ఆయన తోటి సైనికాధికారులు ఎన్నికైన ప్రభుత్వం మీద తిరగబడ్డారు. వాళ్లకు తోడుగా హిట్లర్ పంపిన వాయుసేన దళమే కాండర్ దళం. తమ దేశపు గుర్తులు లేకుండా, పరాయి యూనిఫారం తొడిగి పంపించారు. 1937 ఏప్రిల్ 26న, సంత జరిగే సోమవారం నాడు, ఉత్తర స్పెయిన్‌లోని గెర్నికా అనే బాస్క్ పట్టణాన్ని ఇటాలియన్ విమానాలతో కలిసి తగలబెట్టింది ఆ దళమే. మోల్డర్స్ అందులో స్వచ్ఛందంగా చేరి, 1938 ఏప్రిల్‌లో స్పెయిన్‌లో దిగారు. మే నెలాఖరులో మరో జర్మన్ పైలట్ అడోల్ఫ్ గాలండ్ నుంచి ఒక స్క్వాడ్రన్ బాధ్యతలు తీసుకున్నారు. ఆ ఏడాది జూలై, నవంబరు నెలల మధ్య 14 విమానాలు కూల్చారు. గెర్నికా తగలబడిననాడు ఆయన అక్కడ లేరు. అది ఆయన పక్షాన చెప్పవలసిన మాటే. కానీ ఏ పక్షానికి ఆకాశాన్ని ఖాళీ చేసి పెట్టడానికి వెళ్తున్నారో 1938 నాటికి తెలియనివారు లేరు.

అదే 1938 జూన్‌లో జవహర్‌లాల్ నెహ్రూ కృష్ణ మేనన్‌తో కలిసి బార్సిలోనా వెళ్లారు. ఐదు రోజులున్నారు. రాత్రిళ్లు ఆ నగరం మీద బాంబులు పడటం కళ్లారా చూశారు. నాగపూర్ నుంచి గోపాల్ ముకుంద్ హుద్దార్ అనే యువకుడు మారుపేరుతో, పలు దేశాల స్వచ్ఛంద సైనికులున్న అంతర్జాతీయ దళంలో చేరి స్పెయిన్ ప్రభుత్వం తరఫున పోరాడి బందీ అయ్యాడు. మన దేశానికి అప్పటికి స్వాతంత్ర్యమే లేదు. అయినా మనవాళ్లకు ఆ యుద్ధంలో ఎవరి పక్కన నిలబడాలో తెలిసింది. తెలుగు పాఠకుడికి స్పెయిన్ గురించి చెప్పేటప్పుడు ఆ ఆకాశంలో ఎగిరినవాడితో పాటు, దాని కింద నిలబడిన మన మనుషులనూ చూపించవచ్చు కదా.

1940లో ఫ్రాన్స్‌లో ఒక ఫ్రెంచ్ పైలట్ చేతిలో కూలి బందీ కావడం, యుద్ధ విరమణతో విడుదల కావడం, ఇంగ్లండ్ మీద యుద్ధంలో కాలికి గాయం కావడం మీరు వివరంగానే రాశారు. నేను ఆగిపోయింది 1941 జూన్ 22 దగ్గర. ఆ రోజు సోవియట్ యూనియన్ మీద దాడి మొదలైంది. జూలై 15 నాటికి రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన కూల్చిన విమానాల లెక్క 101కి చేరింది. వంద దాటిన మొట్టమొదటి పైలట్ ఆయనే. వజ్రాలు పొదిగిన నైట్స్ క్రాస్ అనే జర్మన్ సైనిక పతకం అందుకున్న తొలి సైనికుడూ ఆయనే. మీరు దాన్ని ‘ఇరవై నాలుగు రోజుల అద్భుతం’ అన్నారు. ఆ మాట చదివి పత్రిక పక్కన పెట్టేశాను.

ఆ ఇరవై నాలుగు రోజుల్లో ఒకటి తీసుకోండి. జూన్ 30న నేటి బెలారుస్‌లోని బెరెజినా నది దగ్గర, బొబ్రుయిస్క్ ప్రాంతంలో జర్మన్ ట్యాంకులు నది దాటుతున్నాయి. వాటిని ఆపడానికి సోవియట్ బాంబర్లు గుంపులు గుంపులుగా వచ్చాయి. చాలామటుకు వాటికి రక్షణగా ఫైటర్లు లేవు. నెమ్మదిగా కదిలే ఆ విమానాలను మోల్డర్స్ దళం రోజంతా కూలుస్తూ పోయింది. జర్మన్ పైలట్ రిచ్‌తోఫెన్ మొదటి ప్రపంచ యుద్ధంలో కూల్చిన 80 విమానాల లెక్కను మోల్డర్స్ దాటింది ఆ రోజే. టెక్నికల్ విభాగంలో పనిచేసినవాడిగా నాకు ఆ రోజు తలుచుకుంటే మొదట గుర్తొచ్చేది సోవియట్ ఎయిర్‌ఫీల్డ్‌లో నిలబడ్డ మెకానిక్‌లు. పొద్దున ఇంధనం పోసి, బాంబులు ఎక్కించి పంపిన విమానాల కోసం సాయంత్రం దాకా ఆకాశం వైపు చూసి ఉంటారు. పంపిన విమానం తిరిగి రాకపోతే హ్యాంగర్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. యుద్ధం లేని రోజుల్లో, ఒకే ఒక్కసారి చూశాను. ముప్ఫై ఏళ్లయినా మరిచిపోలేదు.

ఆకాశం చేతికి చిక్కాక నేల మీద ఏం జరిగింది? జూన్ 28న మిన్స్క్ పడిపోయింది. జూలై మొదటి వారానికి ఆ నగరం పక్కన ఆరుబయట సుమారు లక్ష మంది యుద్ధఖైదీలను, 40,000 మంది పౌరులను ఒకే చోట కుక్కి పెట్టారు. ఈ అంకెలు జర్మన్ అధికారి ఒకరు అప్పుడే రాసిన నివేదికలోవి. ట్యాంకుల వెనకాలే వచ్చిన ప్రత్యేక దళాలు యూదులను కాల్చి చంపడం అప్పటికే మొదలైంది. మోల్డర్స్ ఆ పని చేశారని నేను అనడం లేదు. ఆయన ఖైదీలతో మర్యాదగా ఉన్నారనే చదివాను. కానీ ఆయన దళం తెరిచిన దారిలోనే ఆ ట్యాంకులు నడిచాయి, వాటి వెనకాల ఆ తుపాకులు నడిచాయి. 101 అన్న అంకెను వేసిన పేజీలో లక్షా నలభై వేలు అన్న అంకెకు చోటుండాలి.

మరణం సంగతి మీరు రాసిందే: ఆత్మహత్య చేసుకున్న జర్మన్ వాయుసేన జనరల్ ఉడెట్ అంత్యక్రియలకు ప్రయాణికుడిగా వెళ్తూ, 28 ఏళ్ల వయసులో చనిపోయారు. ఉడెట్‌ది ఆత్మహత్య అన్న నిజాన్ని నాజీ ప్రభుత్వం దాచి, ఆయుధ పరీక్షలో ప్రమాదమని ప్రకటించింది. మీరు వదిలేసింది ఆ వెంటనే జరిగిన మరో విడ్డూరాన్ని. 1942లో జర్మనీ మీద కొన్ని కరపత్రాలు పడ్డాయి. మోల్డర్స్ ఒక క్యాథలిక్ మతాధికారికి రాసినట్టున్న ఉత్తరం వాటిలో ఉంది. ఆయన విశ్వాసం నాజీలకు వ్యతిరేకమన్నట్టు అందులోని మాటలు. కొన్ని చర్చీల్లో దాన్ని పైకి చదివారు. నిజానికి దాన్ని తయారుచేసింది బ్రిటిష్ ప్రచార విభాగంలోని సెఫ్టన్ డెల్మర్ బృందం. యుద్ధం అయ్యాక డెల్మర్ తానే ఆ సంగతి వెల్లడించాడు. ‘హిట్లర్‌కు ఎదురు నిలిచిన భక్తుడు’ అంటూ ఇవాళ్టికీ తిరిగే కథకు పెద్ద ఊతం ఆ దొంగ ఉత్తరమే. మీ వ్యాసం చివర ‘లోలోపల నాజీలను వ్యతిరేకించేవాడు’ అన్న వాక్యం ఉంది. దాన్ని మరోసారి పరిశీలించమని కోరుతున్నాను.

ఇక పేరు సంగతి. యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీ ఒక డెస్ట్రాయర్ నౌకకు, 1973లో నాయ్‌బుర్గ్‌లోని 74వ ఫైటర్ దళానికి మోల్డర్స్ పేరు పెట్టింది. 1998 ఏప్రిల్ 24న, గెర్నికా విధ్వంసానికి 61 ఏళ్లు నిండబోతున్న సమయంలో, జర్మన్ పార్లమెంటు ఒక తీర్మానం చేసింది: కాండర్ దళంలో పనిచేసినవారి పేర్లతో సైన్యంలో గౌరవాలు ఉండకూడదు. అది అమలు కావడానికి ఏడేళ్లు పట్టింది. 2005లో రక్షణ మంత్రి పేటర్ ష్ట్రుక్ ఆ పేరు తీసేయించినప్పుడు మాజీ సైనికులు, విశ్రాంత జనరళ్లు గట్టిగా నిరసన తెలిపారు. మనిషి మంచివాడన్నారు, గెర్నికా తర్వాత వచ్చాడన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. తాను పనిచేసిన దళం పేరు మారితే ఏ సైనికుడికైనా గుండె కలుక్కుమంటుంది. అయినా ష్ట్రుక్ చేసింది సరైన పనేనని నా నమ్మకం. దళం పేరంటే, కొత్తగా చేరిన పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి ‘నువ్వు ఇలా ఉండాలి’ అని చూపించే మనిషి. ఆ కుర్రవాడు ప్రమాణం చేసేది ప్రజాస్వామ్య దేశానికి. డెస్ట్రాయర్ మాత్రం అదే పేరుతో విల్హెల్మ్స్‌హాఫెన్ నౌకాదళ మ్యూజియంలో ఉంది. ఆ పేరు ఉండవలసిన చోటు అదే: వెళ్లి చూడవచ్చు, చదవవచ్చు, ప్రశ్నలు అడగవచ్చు.

నేను ఇంతగా పట్టించుకోవడానికి మా మనవడు కారణం. తొమ్మిదో తరగతి. మీ వ్యాసం కత్తిరించి తన బల్ల ముందు గోడకు అంటించుకున్నాడు. ఫోనులో విమానాల ఆటలు ఆడే పిల్లలకు ఈ పైలట్ల అంకెలన్నీ కంఠతా వచ్చు. గెర్నికా ఏమిటని అడిగితే వాడికి తెలియలేదు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని మ్యాపులో గెర్నికా, బార్సిలోనా, బొబ్రుయిస్క్, మిన్స్క్ వెతికాం. వాడు ఆ కాగితం చింపలేదు, నేనూ చింపమనలేదు. పక్కనే మరో కాగితం అంటించి, ఈ ఊళ్ల పేర్లు, అక్కడ ఏం జరిగిందో తన చేతిరాతతో రాసుకున్నాడు.

వచ్చే ఆదివారం మరో జర్మన్ పైలట్ ఎరిక్ హార్ట్‌మన్ గురించి వేస్తామని ప్రకటించారు. ఆయన కూల్చిన విమానాల లెక్క 352 అన్న అంకె శీర్షికలోనే ఉంటుందని ఊహించగలను. దయచేసి ఆ విమానాల్లో అత్యధిక భాగం ఏ దేశానివో, ఆ దేశం మీదికి ముందు ఎవరు దండెత్తారో కూడా అదే పేజీలో వేయండి. మోల్డర్స్ గురించి మీరు వదిలేసిన భాగాన్ని చిన్న సవరణగానైనా ప్రచురిస్తే, కత్తిరించి ఆ గోడకే అంటిస్తాం.

— విశ్రాంత వాయుసేన ఉద్యోగి, తెనాలి