ముందు పార్టుల షాపుకి ఫోన్ చెయ్యి

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన ఏడు కార్ల లిస్టు చూశాను. అందులో మూడు నీకు కాదురా, మీ బావమరిదికి పనికొచ్చేవి. వాడు వారానికోసారి హైవే ఎక్కి నాలుగొందల కిలోమీటర్లు కొట్టేసి వస్తాడు. నీ సంగతి అది కాదుగా. రోజూ పటమట నుంచి ఆఫీసుకి పోయి రావడం 25 కిలోమీటర్లు, అందులో సగం బెంజ్ సర్కిల్ చుట్టూ ఫస్టు గేరు, సెకండు గేరు. నెలకి రెండుసార్లు కరకట్ట మీదుగా అవనిగడ్డ. వెనక సీట్లో మోకాళ్ల నొప్పులతో అమ్మ, పక్కన ఇద్దరు పిల్లలు. తిరిగొచ్చేటప్పుడు డిక్కీలో బియ్యం బస్తా, కొబ్బరికాయలు. చేతిలో ఆరు లక్షలు. ఇవన్నీ ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకో. ఎవడైనా సన్‌రూఫ్ చూపించినప్పుడల్లా తీసి చదువుకో.

ఆరు లక్షల ఆన్‌రోడ్‌లో కొత్తదంటే చిన్న కార్లలో కింది వేరియంట్లే. అమ్మకీ బస్తాకీ అది చాలదు. నీకు కుదిరేది నాలుగైదేళ్లు తిరిగిన కారు: పెట్రోలు, మాన్యువల్, 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిను, లోపలికి గాలి గట్టిగా నెట్టే టర్బో లేనిది. చప్పగా ఉంది కదూ? ఆ చప్పదనానికే డబ్బులిస్తున్నావనుకో. టర్బో లేని ఇంజినులో చెడటానికి ఉన్న వస్తువులే తక్కువ. మారుతి కె సిరీస్, హ్యుందాయ్ కప్పా, హోండా ఐవీటెక్, ఈ మూడింటికీ వాల్వుల్ని వేళకి తెరిపించే టైమింగ్ బెల్టు ఉండదు, దాని బదులు చైనే. నూనె వేళకి మారుస్తుంటే ఆ చైను జోలికి చాలాకాలం పోనక్కర్లేదు. మార్చకపోతే మాత్రం పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు గరగరమంటుంది. ఆ చప్పుడు గుర్తు పెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

డీజిల్ మైలేజీ గురించి అడిగావు కాబట్టి లెక్క చూడు. నీకు నెలకి 910 కిలోమీటర్లు పడుతుంది. పెట్రోలు కారు 16 ఇస్తే 57 లీటర్లు, డీజిల్ 19 ఇస్తే 48. పెట్రోలు 110, డీజిల్ 97 అనుకుంటే నెలకి పదహారొందల తేడా, ఏడాదికి 19 వేలు. డబ్బే, కాదనను. కానీ 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనలు రాగానే మారుతి డీజిల్ మానేసింది. నీ బడ్జెట్‌లో దొరికే చిన్న డీజిళ్లు ఎక్కువగా అంతకుముందువి, బాగా తిరిగినవి. ఇంజెక్టర్లో టర్బోనో ఒక్కసారి పని చెప్పిందంటే రెండేళ్ల మిగులు ఆ బిల్లులో కలిసిపోతుంది. పోనీ బీఎస్6 డీజిల్ తీసుకుందామంటే దానికి పొగగొట్టంలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. ఆ మసి కాలాలంటే బండి ఇరవై నిమిషాలైనా ఆగకుండా మంచి వేగంతో పోవాలి. బెంజ్ సర్కిల్‌లో అది జరిగే పని కాదు. వడపోత మూసుకుపోయి దీపం వెలుగుతుంది, నువ్వు వర్క్‌షాపులో కూర్చుంటావు.

సీఎన్‌జీ ఖర్చు తక్కువే గానీ మామూలుగా సిలిండరు వచ్చి డిక్కీలో కూర్చుంటుంది. బస్తా ఎక్కడ పెడతావు? బయట బిగించిన కిట్టయితే ఆర్‌సీలో ఎక్కించి ఉండాలి. లేకపోతే క్లెయిము రోజున ఇన్సూరెన్సు వాడు అక్కడే పట్టుకుంటాడు. సిలిండరుకి మూడేళ్లకోసారి నీటి ఒత్తిడితో బలం చూసే హైడ్రో టెస్టు కూడా ఉంది.

చెల్లెమ్మకి ఆటోమేటిక్ అయితే సుఖమన్నావు, నిజమే. కానీ ఈ ధరలో ఎక్కువగా దొరికేది ఏఎంటీ. అది కూడా మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని మనిషి బదులు యాక్చుయేటర్ అనే చిన్న యంత్రం చేస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కేచోట ట్రాఫిక్ ఆగినప్పుడు బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టే అలవాటు పాత ఓనరుకి ఉంటే, ఆ క్లచ్ సగం కాలిపోయినట్టే. నడిపి చూస్తే వెంటనే తెలియదు కూడా. విడి గేర్లు లేని సీవీటీ ఆటోమేటిక్ సాఫీగా ఉంటుంది, అయితే ఫ్లూయిడ్ మార్చిన బిల్లు చూపించలేకపోతే దాని దగ్గర ఆగకు.

ఇక పేర్లు. నా ఓటు 2020 మార్చి తర్వాతి డిజైర్ పెట్రోలుకి. 378 లీటర్ల డిక్కీ, వెనక ఏసీ వెంట్లు, విజయవాడలో ఎవడైనా విప్పి బిగించగలిగిన ఇంజిను. రెండోది హోండా అమేజ్: డిక్కీ 420 లీటర్లు, ఇంజిను ఇంకా మెత్తన. కానీ సర్వీసు సెంటర్లు తక్కువ, అవనిగడ్డలో ఆగిపోతే విజయవాడ దాకా లాక్కురావాలి. మూడోది వేగనార్ 1.2. అమ్మ మోకాళ్లకి మిగతా రెండింటికన్నా అదే హాయి. సీటు ఎత్తులో ఉంటుంది, వంగి దూరక్కర్లేదు, పక్కకి జరిగి కూర్చుంటే చాలు. అందుకే అమ్మని తీసుకెళ్లి మూడింట్లోనూ మూడేసిసార్లు ఎక్కించి దింపు. డిజైర్‌లో దిగేటప్పుడు చెయ్యి పట్టుకోమంటే వేగనారే కొను, నా ఓటు సంగతి వదిలెయ్.

భద్రత దగ్గర మాత్రం నీకు తియ్యటి మాట చెప్పలేను. కార్లని గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2023లో వేగనార్‌కి ఐదుకి ఒకే నక్షత్రం ఇచ్చింది. అమేజ్‌కి 2019లో నాలుగొచ్చాయి, అదే తరం కారుని 2024లో కొత్త నిబంధనలతో గుద్దిస్తే రెండే వచ్చాయి. కారు మారలేదురా, పరీక్ష కఠినమైంది. కాబట్టి నక్షత్రాలు చెప్పేవాణ్ని ఏ సంవత్సరం పరీక్ష అని కూడా అడుగు. ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న డిజైర్ 2024 నవంబరులో వచ్చిన కొత్తది, మూడు సిలిండర్లది, నీ ఆరు లక్షలకి అందదు. నక్షత్రాలే ముందంటే 2020లో ఐదు తెచ్చుకున్న టాటా ఆల్ట్రోజ్ పెట్రోలు చూడు. దాని ఇంజినూ మూడు సిలిండర్లదే, కాస్త వణుకు ఉంటుంది. అదీ తప్పు కాదు. ఏది కొన్నా పిల్లలకి, అమ్మకి వెనక సీట్లో బెల్టు పెట్టించు.

కారు చూడ్డానికి పోయేముందు మాత్రం ఒక పని చెయ్యి. ఆటోనగర్‌లో రెండు పార్టుల షాపులకి ఫోన్ చేసి, నువ్వనుకున్న మోడలు, సంవత్సరం చెప్పి, ఐదు వస్తువులు అడుగు: ముందు లోయర్ ఆర్మ్, క్లచ్ సెట్టు, రేడియేటర్, ఏసీ కండెన్సర్, కుడివైపు అద్దం. ఒక్కోదానికి ధరెంత, ఇప్పుడు ఉందా, తెప్పించాలా? నాలుగు "ఉంది, వచ్చి తీసుకుపో" అంటే అది నీ ఊరి బండి. "అడ్వాన్సు ఇవ్వండి, వారంలో వస్తుంది" అని మూడుసార్లు విన్నావంటే ఆ కారు ఎంత గొప్పదైనా నీకు రోజువారీ బండి కాదు. యూట్యూబులో వంద రివ్యూలు చూసినా ఈ సంగతి తెలియదు.

టైరు కూడా ఇలాంటిదే. డిజైర్ కింది వేరియంట్లకి 165/80 ఆర్14. అంటే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య 132 మిల్లీమీటర్ల రబ్బరు. బాలెనో పై వేరియంట్ల 195/55 ఆర్16లో అది 107. మన గోతుల్లో ఆ పాతిక మిల్లీమీటర్లే రిమ్మునీ నీ నడుమునీ కాపాడేవి. పైగా చిన్న టైరు చవక.

ఇక చూసే పద్ధతి. ఉదయం పూట, ఎండ వెలుతురులో చూడాలి, వానలో గానీ సెల్లార్‌లో గానీ కాదు. తడిసిన కారు మీద గీత కనపడదు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉంటే నీకోసం ముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం, "రేపు పొద్దున వస్తా, అప్పటిదాకా తియ్యకండి" అని చెప్పి వచ్చెయ్. చల్లగా ఉంటే రేడియేటర్ మూత తీసి చూడు. కూలెంటు రంగు శుభ్రంగా ఉండాలి, పైన నూనె తెట్టు ఉండకూడదు. నూనె పోసే మూత అడుగున తెల్ల నురగ కనిపిస్తే నమస్కారం పెట్టి బయటికొచ్చెయ్. అప్పుడు స్టార్ట్ చేయించి నువ్వు వెనక పొగగొట్టం దగ్గర నిలబడు. నీలం పొగంటే ఇంజిను నూనె తాగుతోంది. తెల్ల పొగ ఇంజిను వేడెక్కాక కూడా ఆగకపోతే హెడ్ గాస్కెట్ అనే ఇంజిను లోపలి సీలు పోయిందని అనుమానం. ఇందాక చెప్పిన గరగర ఇక్కడే వినాలి.

తర్వాత ఫెండర్, బానెట్ బోల్టులు. పానా పడిన బోల్టు మూలల్లో పెయింటు లేస్తుంది, ఎంత బాగా రంగేసినా అక్కడ దొరికిపోతారు. నాలుగు తలుపుల రబ్బరు బీడింగు కొంచెం లాగు. లోపల స్పాట్ వెల్డింగులు గుండ్రంగా, సమాన దూరంలో చిన్న గుంటల్లా ఉండాలి. అవి కనపడకుండా లప్పం నున్నగా మెత్తి ఉంటే పైకప్పుని మోసే పిల్లరుకి దెబ్బ తగిలింది. బంపరు, తలుపు మార్చడం తప్పేం కాదు, ధర తగ్గించుకోవచ్చు. పిల్లరు, ముందు చట్రం దెబ్బతింటే బేరం లేదు. అద్దాల మీద తయారీ సంవత్సరం గుర్తు అన్నింటికీ ఒకేలా ఉందా? టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2321 అంటే 2021లో 23వ వారం. మీటరు ముప్పై వేలే చూపిస్తూ టైర్లు అప్పుడే రెండోసారి మార్చి ఉంటే ఆ మీటరుని నమ్మకు.

బండి కంప్యూటరులోని లోపాలు చదివే ఓబీడీ స్కానరు అప్పు తెచ్చుకో, స్టీరింగు కింద సాకెట్లో పెట్టి ఫోన్లో చూడు. ఎర్రర్ కోడ్‌లు లేవని సంతోషపడకు, బండి తనని తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పే రెడీనెస్ మానిటర్లు చూడు. సగం "పూర్తికాలేదు" అని చూపిస్తే, ఎవరో నిన్నో మొన్నో కోడ్‌లు చెరిపేశారు, లేదా బ్యాటరీ తీశారు. ఎందుకని అడుగు.

నడిపేటప్పుడు పాటలు ఆపు. స్పీడ్ బ్రేకరు మీద మెల్లిగా ఎక్కితే టక్ టక్‌మంటే లింకు రాడ్డు, లోయర్ ఆర్మ్ బుష్షులు, పెద్ద ఖర్చు కాదు. స్టీరింగు పూర్తిగా తిప్పి యూటర్న్ కొడితే కటకటమంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు. 40 వేగంలో ఫోర్త్ గేరు వేసి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కు, ఇంజిను అరుస్తూ స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఏసీ పదిహేను నిమిషాలు వేసి, బండి ఆపి ఐడిల్‌లో కూడా చల్లగా వస్తుందో లేదో చూడు. డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ కారుతుంటే డాష్‌బోర్డు మొత్తం విప్పాలి, కాయిల్ ధరకన్నా ఆ కూలీ నొప్పి ఎక్కువ.

విజయవాడలో పాత కారు కొంటూ నీళ్ల సంగతి చూడకపోతే ఎలా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు బండ్లు రోజుల తరబడి మునిగే ఉన్నాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ అంతే. నంబరు ప్లేటుతో ఏ ఊరిదో చెప్పలేవు, 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే సిరీస్ పెట్టేశారుగా. ఆర్‌సీలో అడ్రసు చూడు. తర్వాత సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగు. పాలిష్ చేసేవాడు సీట్లు ఉతుకుతాడు, కార్పెట్ మారుస్తాడు గానీ బెల్టు చివరి అడుగు సాధారణంగా చుట్టలోనే ఉండిపోతుంది. అక్కడ బురద గీత గానీ బూజు గానీ ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. సీటు కింద బోల్టులు, స్టెప్నీ గుంట, డాష్‌బోర్డు కింది కనెక్టర్లలో పచ్చటి చిలుమూ చూడు. మునిగిన కారు మొదటి నెల బాగానే తిరుగుతుంది, ఆరో నెల నుంచి ఒక్కో సెన్సరూ ఒక్కో వైరూ పోతూ ఉంటుంది. కరెంటు పనికి అంతుండదు.

ఇన్సూరెన్సు పాలసీ కాగితం అడిగి ఎన్‌సీబీ శాతం, అంటే క్లెయిము చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, చూడు. క్లెయిము లేని ఏళ్లని బట్టి అది 20, 25, 35, 45, 50 అని పెరుగుతుంది. నాలుగేళ్ల కారుకి, ఓనరు మారకుండా, సున్నా ఉందంటే కిందటేడు క్లెయిము జరిగింది, లేదా పాలసీ చాలారోజులు కట్టకుండా వదిలేశారు. ఎన్‌సీబీ ఓనరుది, బండితో నీకు రాదు. డబ్బులిచ్చేముందు ఓనరు పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, లోను ఉండి ఉంటే ఆర్‌సీలో దాన్ని తీసేయించే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ, చలాన్లు లేవన్న స్క్రీన్‌షాటు తీసుకో. హైదరాబాద్ బండి నలభై వేలు తక్కువకి వస్తోందని పోకు. అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ ట్యాక్స్, తిరగడం అన్నీ కలిస్తే ఆ నలభై వేలు ఎటు పోయాయో తెలియదు.

బేరంలో ఒక మాట వాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల జీఎస్టీ 18 శాతానికి దిగింది, కొత్తవే తగ్గాయి. పాత ధర పట్టుకుని కూర్చున్న అమ్మకందారుకి ఈరోజు కొత్తదాని కొటేషన్ చూపించు. ఆరు లక్షల్లో ముప్పై వేలు పక్కన పెట్టి ఐదు డెబ్బై దగ్గరే ఆగు. ఇంటికి తెచ్చిన వారంలోనే ఇంజినాయిలు, ఫిల్టర్లు, కూలెంటు, బ్రేకు ఫ్లూయిడ్ అన్నీ మార్పించెయ్, ఎప్పుడు మార్చారో వాడు చెప్పింది వినకుండా. మిగిలింది టైర్లకో బ్యాటరీకో. ఆ డిజైర్‌కి సిగ్నల్ దగ్గర తనంతట ఆగిపోయే ఐడిల్ స్టాప్ ఉంటుంది, దానికి మాటిమాటికీ స్టార్ట్ చేసినా తట్టుకునే ఈఎఫ్‌బీ బ్యాటరీ వెయ్యాలి. చవకని మామూలుది వేసి ఉంటే త్వరగా పోతుంది.

శనివారం చూడబోయే బండి ఓనరుకి ఇప్పుడే ఫోన్ చేసి, పొద్దున ఏడింటికి వస్తానని, అప్పటిదాకా స్టార్ట్ చెయ్యొద్దని చెప్పు. చాసిస్ నంబరు, పాలసీ ఫోటో నాకు రేపు పంపు. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రమణ